ఎనిమిది కోర్లు, ఒక్క గుమాస్తా

కంప్యూటర్ నెమ్మదిగా ఉందని ఎవరైనా అంటే మన సాఫ్ట్‌వేరోళ్ళ నోట్లోంచి మొదట వచ్చే మాటేంటి? "కొత్తది కొనెయ్యండి." నేనూ అదే అన్నాను. అలా అని ఒక పెద్దాయన చేత 55 వేలు దండగ పెట్టించాను. ఎలా దండగయిందో నలుగురికీ చెప్పుకుంటే కాస్త పాపం పోతుందని ఈ టపా :)

మాది వరంగల్. ఉద్యోగం హైదరాబాద్‌లో అయినా నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. మా మేనమామ ఎనుమాముల మార్కెట్ దగ్గర ఒక అడ్తి దుకాణంలో ఇరవై ఏళ్ళుగా గుమాస్తా. ఎనుమాముల గురించి వరంగల్ వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా: ఆసియాలోని పెద్ద వ్యవసాయ మార్కెట్లలో ఒకటని చెప్పుకుంటారు. పత్తి, మిర్చి సీజన్లో అటువైపు వెళ్తే బస్తాలు తప్ప ఇంకేం కనపడవు. మిర్చి రోజుల్లో అయితే అర కిలోమీటరు ముందే తుమ్ములు మొదలు.

అక్కడ పని ఎలా నడుస్తుందో కాస్త చెప్పాలి, తర్వాత అవసరం పడుతుంది. పొద్దున్నే జెండా పాట అవుతుంది. అంటే ఆ రోజు వచ్చిన సరుకులో మేలైనదానికి ఖరీదుదారులు పాట పాడి పై ధర తేలుస్తారు. అది తేలేదాకా అందరూ ఆగాల్సిందే. తేలాక మాత్రం ఖరీదుదారులు తలో దిక్కుకి వెళ్ళి ఒక్కో రైతు రాశి చూసి, నాణ్యతని బట్టి ధర పెడతారు. ఆ తర్వాత కాంటాలు. ఇవి ఒకేసారి పది చోట్ల నడుస్తాయి. తూకమూ, ధరా మామ బల్ల మీదకి వస్తాయి. హమాలీ వగైరా ఖర్చులు పోను రైతుకి ఎంత రావాలో మామ లెక్కేసి తక్‌పట్టీ చేతిలో పెట్టాలి. ఆ కాగితం చేతికొస్తేనే రైతు ఇంటిదారి పట్టేది.

మామ లెక్కంతా ఎక్సెల్‌లోనే. ఎవరూ నేర్పలేదు, సొంతంగా నేర్చుకున్నాడు. కొన్ని సీజన్ల ఖాతా కలిపి 40 వేల వరసలు దాటింది. పోయిన మిర్చి సీజన్‌కి పరిస్థితి ఎలా తయారైందంటే, ఒక వరస ఎక్కించి ఎంటర్ కొడితే 20 సెకన్లు తెర కదలదు. రోజుకి 150 రాశులు అనుకోండి. 150 ఇంటూ 20 అంటే 3000 సెకన్లు, అంటే 50 నిమిషాలు ఉత్త ఎదురుచూపే. ఒక సాయంత్రం నేను దుకాణంలో ఉండగానే ములుగు వైపు నుంచి వచ్చిన ఓ ముసలి రైతు గుమ్మం దగ్గర నిలబడి "సారూ, ఇంకెంతసేపు? బస్సు పోతది" అని మూడుసార్లు అడిగాడు. మూడోసారికి బస్సు పోయింది కూడా. ఆయన ఆ రాత్రి యార్డులోనే పడుకున్నాడు.

అప్పుడు నేను చాలా ధీమాగా "మామా, ఇది రెండు కోర్ల మెషీను. ఎనిమిది కోర్లది కొనండి, నాలుగింతలు వేగం వస్తుంది" అన్నాను. మామ సేటుకి నచ్చజెప్పాడు. సేటు మూలిగి మూలిగి 55 వేలు పెట్టాడు. కొత్తది వచ్చింది. అదే ఫైలు తెరిచి, ఒక వరస ఎక్కించి, ఎంటర్ కొట్టాం. ఇరవై కాదు లెండి. పదిహేడు.

"గిదేందిరా అల్లుడూ, గన్ని పైసలు వెడితే గట్లనే తిరుగవట్టె" అన్నాడు మామ. సేటు ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ.

సరే, అసలు విషయంలోకి వద్దాం. ఎక్సెల్‌కి ఎక్కువ కోర్లు వాడుకోవడం రాదా? బాగా వచ్చు! 2003 వెర్షన్ వరకు లెక్కలన్నీ ఒకే థ్రెడ్‌లో నడిచేవి. 2007 వెర్షన్‌లో మల్టీ థ్రెడెడ్ రీకాల్క్యులేషన్ పెట్టారు. ఆ సమయానికి కారణం ఉంది. అప్పటిదాకా ప్రాసెసర్ గడియారం వేగం ఏడాదికేడాదికి పెరుగుతూ వచ్చింది. మనం రాసిన చెత్త ప్రోగ్రామ్ కూడా రెండేళ్ళాగితే దానంతటదే వేగంగా నడిచేది. వేడి, కరెంటు వాడకం కారణంగా ఆ దారి మూసుకుపోయింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియమ్ 4 తెస్తామన్న ఇంటెల్ 2004లో ఆ ఆలోచన మానుకుని, 2005లో రెండు కోర్ల పెంటియమ్ డి తెచ్చింది. 2006లో కోర్ 2 డ్యూయో వచ్చింది. ఇక మీదట వేగం కావాలంటే పనిని పంచుకోవడమే మార్గం అని తేలిపోయింది.

ఇక్కడ నాకు భలే ముచ్చటేసే సంగతొకటుంది. మనం జావాలోనో సీ ప్లస్ ప్లస్‌లోనో పని పంచాలంటే థ్రెడ్లు, లాకులు, డెడ్‌లాకులు అంటూ కుస్తీ పడతాం. స్ప్రెడ్‌షీట్‌లో ఆ గొడవే లేదు. ఎందుకంటే మామ ఏది ముందు, ఏది తర్వాత అని ఎక్కడా రాయడు. "ఈ గడి విలువ ఈ రెండు గడుల గుణకారం" అని మాత్రం రాస్తాడు. ఏ గడి దేని మీద ఆధారపడిందో ఎక్సెల్ తనే ఒక చెట్టులా గుర్తుపెట్టుకుంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని గడుల్ని వేరు వేరు కోర్లకి పంచుతుంది. సంబంధం ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటి చేస్తుంది. అచ్చం జెండా పాట లాగే: పై ధర తేలేదాకా అందరూ ఆగాలి, తేలాక కాంటాలు పది చోట్ల నడవొచ్చు. అంటే 1979లో విజిక్యాల్క్ చేసిన డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ ఇచ్చిన నమూనాలోనే పని పంచుకునే వీలు దాగుంది. థ్రెడ్ అనే మాట వినకుండానే గుమాస్తా ఎనిమిది కోర్లు వాడేయొచ్చు.

మరి మామ గుమాస్తాగిరీకి ఆ వైభోగం ఎందుకు దక్కలేదు? టాస్క్ మేనేజర్ తెరిచి కూర్చున్నాను (కొనకముందు చెయ్యాల్సిన పని!). ఎంటర్ కొట్టగానే ఎనిమిది గళ్ళూ ఒక్క క్షణం పైకి లేచాయి. ఆ తర్వాత ఏడు పడుకున్నాయి. ఒక్కటే నిలబడి పని చేస్తోంది. మొత్తం వాడకం 12, 13 శాతం. ఎనిమిది మంది హమాలీలని పెట్టుకుని ఒక్కడితో బస్తాలు మోయిస్తున్నట్టు.

ఫైలు విప్పి చూస్తే ముగ్గురు దొంగలు దొరికారు.

మొదటి దొంగ ఇండైరెక్ట్ ఫంక్షన్. మామ రోజుకో షీటు పెట్టాడు. షీటు పేరు ఆ రోజు తేదీ. ఖాతా షీటులో ప్రతి వరసా ఇండైరెక్ట్‌తో ఆ తేదీ షీటుకి వెళ్ళి తూకమూ ధరా తెచ్చుకుంటుంది. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. కానీ ఇండైరెక్ట్‌కి రెండు అవలక్షణాలున్నాయి. ఒకటి, అది చూసే చోటు ఏదో లెక్క వేస్తే గానీ తెలియదు కాబట్టి ఎక్సెల్ దాన్ని చెట్టులో సరిగ్గా కట్టలేదు. అందుకని షీటులో ఎక్కడ ఏం మారినా దాన్నీ, దాని మీద ఆధారపడ్డవాటన్నిటినీ మళ్ళీ లెక్కిస్తుంది. మామూలుగా ఎక్సెల్ మారిన గడి మీద ఆధారపడ్డ వాటినే లెక్కిస్తుంది. ఇండైరెక్ట్ ఆ తెలివిని చంపేస్తుంది. రెండు, అది మల్టీ థ్రెడ్‌లో నడవదు. మెయిన్ థ్రెడ్ మీదే, ఒక్కొక్కటిగా. అంటే 40 వేల వరసలూ ప్రతి ఎంటర్‌కీ మొదటి నుంచి!

రెండో దొంగ ఒక మాక్రో. తక్‌పట్టీలో రూపాయలు అక్షరాల్లో రాయాలి కదా. దానికి ఎవరో ఇచ్చిన వీబీఏ ఫంక్షన్ తెచ్చి, ఒక కాలమ్ పెట్టి, 40 వేల వరసలకీ లాగేశాడు మామ. వీబీఏలో మనం రాసుకున్న ఫంక్షన్లు ఎన్ని కోర్లున్నా ఒక్క థ్రెడ్‌లోనే నడుస్తాయి. మూడేళ్ళ కిందటి రైతుకి ఇచ్చిన మొత్తాన్ని కూడా ప్రతి ఎంటర్‌కీ మళ్ళీ అక్షరాల్లోకి మారుస్తూ కూర్చుంది మెషీను. ఆ ఒక్క కాలమ్ తీసేసి చూస్తే 17 సెకన్లు కాస్తా 4 అయింది.

మూడో దొంగే నాకు అసలు పాఠం చెప్పింది. బస్తాలు, తూకం, మొత్తం, ఖర్చులు, చెల్లింపు అంటూ ఐదు కాలమ్‌లలో ప్రతి వరసలోనూ "ఇప్పటిదాకా మొత్తం" ఉంది. నూరో వరసలో రెండో వరస నుంచి నూరో వరస దాకా సమ్. నూట ఒకటో వరసలో మళ్ళీ రెండో వరస నుంచి నూట ఒకటి దాకా సమ్. ఇలా 40 వేల వరసలంటే ఒక్కో కాలమ్‌కి దాదాపు 80 కోట్ల కూడికలు. ఐదు కాలమ్‌లకి 400 కోట్లు.

గమ్మత్తేంటంటే ఈ పని బ్రహ్మాండంగా పంచుకోవచ్చు. ఏ సమ్‌కీ పక్క సమ్‌తో పని లేదు. ఎనిమిది గళ్ళూ పైకి లేచిన ఆ క్షణం ఇదే. ఎనిమిది కోర్లకి పంచితే తలా 50 కోట్లు. "ఆహా, మల్టీ కోర్!" అనుకుంటాం. దీన్నే ఇంకోలా రాద్దాం: పై వరసలోని మొత్తానికి ఈ వరసలోని అంకె కలుపు. ఇది పంచుకోవడం కుదరని పని. పై వరస తేలందే కింద వరస తేలదు. ఒక కాలమ్‌ని ఒక్క కోరే మొదటి నుంచి చివరిదాకా చెయ్యాలి. కానీ మొత్తం కూడికలెన్ని? కాలమ్‌కి 40 వేలు, ఐదింటికి 2 లక్షలు. ఎనిమిది మంది పంచుకున్న 400 కోట్ల కన్నా ఒక్కడు చేసే 2 లక్షలు ఎంత తక్కువో లెక్క వెయ్యక్కర్లేదు.

నా వాదన అంతా ఇదే. ఎన్ని కోర్లున్నాయి అన్నది రెండో ప్రశ్న. పని ఎంతుంది అన్నది మొదటి ప్రశ్న. మనం రెండోదానితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నాం. టాస్క్ మేనేజర్‌లో గళ్ళన్నీ నిండితే "మెషీన్‌ని పూర్తిగా వాడుకుంటున్నాం" అని సంతోషపడతాం. దండగ పని కూడా గళ్ళని నింపుతుంది.

ఇంజనీరింగ్‌లో ఆమ్‌డాల్ సూత్రం అందరం చదివాం. 1967 నాటిది. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం కూడా. పనిలో పంచుకోలేని భాగం ఎంతుందో అదే మన వేగానికి కట్టే గోడ. మామ ఫైలుకి వర్తింపజేసి చూడండి. ఒక్కో కోరు వేగం రెండు మెషీన్లలో ఇంచుమించు ఒకటే అనుకుందాం. పాతదాంట్లో 20 సెకన్లలో 16 సెకన్లు ఒంటి థ్రెడ్ పని, 4 సెకన్లు రెండు కోర్లు పంచుకున్న పని. ఎనిమిది కోర్లకి మారితే ఆ 4 కాస్తా 1 అవుతుంది. 16 మాత్రం 16 గానే ఉంటుంది. మొత్తం 17. మేం చూసిందీ అదే. 64 కోర్ల మెషీన్ కొన్నా 16 కిందకి దిగదు. ఈ లెక్క కాగితం మీద అయిదు నిమిషాలు. నేను వేసింది 55 వేలు ఖర్చయ్యాక.

ఏం చేశానంటే: రోజువారీ షీట్లన్నీ ఒకే షీటులోకి తెచ్చి, తేదీని ఒక కాలమ్ చేశాను. ఇండైరెక్ట్ పోయింది. మొత్తాల్ని పై వరసకి కలిపేలా మార్చాను. అక్షరాల మాక్రోని తక్‌పట్టీ ప్రింటయ్యే పేజీలో ఒకే ఒక్క గడిలో పెట్టాను, ఎందుకంటే ఒకసారి ప్రింటయ్యేది ఒక్క రైతుదే కదా. ఒక ఆదివారం మధ్యాహ్నం పని. ఇప్పుడు ఎంటర్ కొట్టగానే కర్సర్ కింద గడిలో ఉంటుంది. ఇంకా సిగ్గుచేటైన సంగతి చెప్పనా? ఆ పాత రెండు కోర్ల మెషీన్లో తెరిచినా అంతే!

"లెక్కింపుని మాన్యువల్‌లో పెట్టుకుంటే పోయేదిగా" అంటారేమో. ఒక రోజు పెట్టాం. మామ ఎఫ్9 నొక్కడం మర్చిపోయాడు. ఒక తక్‌పట్టీ పాత అంకెతో ప్రింటయింది. రైతు వేళ్ళ మీద లెక్కేసుకుని వెనక్కి వచ్చి అడిగాడు కాబట్టి సరిపోయింది. లెక్కేసుకోలేనివాడైతే?

"ఎక్సెల్ ఏంటి చీప్‌గా, డేటాబేస్ పెట్టొచ్చుగా" అనేవాళ్ళు మనలో ఇంకా ఎక్కువ. నేనూ ఆ జాతివాణ్ణే. కానీ ఆలోచించండి. మామ తన ఫైలులో ఏ గడి మీదైనా నొక్కి ఆ అంకె ఎక్కడినుంచి వచ్చిందో చూడగలడు, రైతుకి చూపించగలడు. మనం కట్టిచ్చే అప్లికేషన్‌లో అది కుదరదు. ఏ చిన్న మార్పుకైనా నాకు ఫోన్ చెయ్యాలి. నేను స్టాండప్ మీటింగ్‌లో ఉంటాను.

"ఇంజనీరు సమయం కన్నా మెషీను చవక" అనే మాట కూడా వింటూ ఉంటాం. డాలర్లలో జీతాలిచ్చే చోట అది నిజమే కావచ్చు. అడ్తి దుకాణంలో 55 వేలంటే గుమాస్తాకి నెలల జీతం. పైగా ఆ మాట నిజమవ్వాలన్నా పని పంచుకోదగ్గదై ఉండాలి. కాకపోతే మెషీనూ దండగే, సమయమూ దండగే.

కోర్లు ఎందుకూ పనికిరావని నేననడం లేదు సుమా. ప్రతి వరసలో తూకం ఇంటూ ధర లాంటి విడివిడి లెక్కలు లక్షల్లో ఉంటే కోర్లు నిజంగా ఆదుకుంటాయి. లిబ్రెఆఫీస్ క్యాల్క్ వాళ్ళు కూడా 2014లో గ్రాఫిక్స్ కార్డు మీద లెక్కలు చేయించడం మొదలుపెట్టి, 2018లో ఒకే ఫార్ములా ఉన్న కాలమ్‌ని థ్రెడ్లకి పంచే ఏర్పాటు తెచ్చారు. మైక్రోసాఫ్ట్ వాళ్ళేమో 2018లో వీలుకప్‌కి లోపల ఒక ఇండెక్స్ దాచిపెట్టి, ఒకే పట్టికలో పదే పదే వెతకడాన్ని తగ్గించారు. గమనించారా, ఈ రెండోది కోర్లు పెంచడం కాదు, పని తగ్గించడం. మామ ఫైలుకి నేను చేసిందీ ఆ రకమే, మరీ నాటుగా. 2007 వెర్షనే తీసుకోండి. కోర్లు వాడుకోవడం నేర్పిన ఆ వెర్షనే వరసల్ని 65,536 నుంచి 10,48,576కి పెంచింది. ఒక చేత్తో వేగం ఇచ్చి రెండో చేత్తో దాన్ని ఖర్చుపెట్టే వీలూ ఇచ్చిందన్నమాట.

ఇది మామ ఫైలు గోల మాత్రమే కాదు. మన ఆఫీసుల్లో చూడండి. రిపోర్టు రావడం ఆలస్యమైతే "ఇన్‌స్టాన్స్ సైజు పెంచుదాం" అంటాం. క్వెరీ ఎవరూ తెరిచి చూడరు. పెంచడానికి ఒక క్లిక్కు చాలు, చూడ్డానికి ఒక పూట కావాలి. బిల్లు మనది కాదు కాబట్టి ఆ పూట మనం పెట్టం. ఎనుమాములలో బిల్లు కట్టినవాడు నా ఎదురుగా కూర్చుని ఏమీ అనకుండా చూశాడు. అందుకే నాకు బుద్ధొచ్చింది.

2020 జనవరిలో మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలైనప్పుడు "వరంగల్‌కి ఐటీ వచ్చింది" అని అందరం పండగ చేసుకున్నాం. మంచిదే. కానీ మామ లాంటివాళ్ళ ఎక్సెల్ ఫైళ్ళలో ఐటీ అంతకు ముందే వరంగల్‌లో ఉంది. ఇక్కడ చదువుకుని బయటికెళ్ళిన మనమే దాని వైపు చూడలేదు. ఈసారి ఊరెళ్ళినప్పుడు మీ ఇంట్లోనో, మీ వీధి చివర దుకాణంలోనో ఎవరైనా తెర ముందు కూర్చుని గిర్రున తిరిగే చక్రాన్ని చూస్తూ ఉంటే, "కొత్తది కొను" అనకండి. ఓ కుర్చీ లాక్కుని కూర్చుని ఫైలు తెరవండి.

కొత్త మెషీను ఏమైందంటారా? దుకాణంలోనే ఉంది. సేటు గారబ్బాయి దాంట్లో గేమ్స్ ఆడుకుంటున్నాడు. ఎనిమిది కోర్లూ ఫుల్లుగా వాడేస్తున్నాడట :)